మనసు చదువుకు తాళాలెందుకు?

తొలి ఏకాదశి తిరునాళ్లకి మా ఇంటికి చుట్టాలు రావడం ఆనవాయితీ. కొండ మీద రామలింగేశ్వరస్వామిని దర్శనం చేసుకుని, కింద తిరునాళ్లలో గాజులూ బొమ్మలూ కొనుక్కుని, మధ్యాహ్నానికి అందరూ మా వరండాలో చేరతారు. ఈసారి మా ఆడపడుచు కూతురు కూడా వచ్చింది. గుంటూరు వైపు ఒక ప్రైవేటు కాలేజీలో సైకాలజీ ఎమ్మే చదువుతోంది. అందరూ కబుర్లలో ఉంటే తను మాత్రం లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, మొహం ముడుచుకుని ముందు గదిలో కూచుంది.

"ఏంటే, పేలపిండి కూడా ముట్టుకోలేదు?" అన్నాను.

"ముప్పై తొమ్మిది డాలర్లంట అత్తయ్యా!"

"ఏంటి, చీరా?"

"చీరయితే కట్టుకునేదాన్నిగా. పన్నెండు పేజీల పరిశోధన వ్యాసం. చదవాలంటే ముందు డబ్బు కట్టాలంట."

లెక్క వేసి చూస్తే మూడువేల పైచిలుకు. మా ఇంట్లో నెల పాలబిల్లు! ప్రాజెక్టు కోసం ఇలాంటివి ముప్పై దాకా చదవాలట. ముప్పైకీ కడితే లక్ష రూపాయలు. దాని ఏడాది ఫీజు కూడా అంత లేదు.

"ఇంతకీ దేని మీదే నీ ప్రాజెక్టు?"

"బాలింతల్లో వచ్చే డిప్రెషన్ మీద."

నేనింకేం అడగలేదు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. నిజానికి పొయ్యి మీద ఏమీ లేదు.

నా సంగతి

2013లో మా రెండోవాడు పుట్టాడు. కాన్పు బాగానే అయింది. రెండో నెలలోనే మొదలయింది నాకు. కారణం లేకుండా ఏడుపొచ్చేది. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే పక్కనే కూచుని గోడకేసి చూసేదాన్ని. ఎత్తుకోవాలని తెలుసు, కానీ చెయ్యి లేచేది కాదు. రాత్రిళ్లు బిడ్డ నిద్రపోయినా నాకు నిద్ర ఉండేది కాదు.

"పాలిచ్చే తల్లి కంటతడి పెట్టకూడదు" అన్నారొకరు. "మగపిల్లాడు పుడితే ఏడుపేంటమ్మా, విడ్డూరం కాకపోతే!" అన్నారింకొకరు. గాలి సోకిందని ఎవరో చెబితే మా అత్తగారు తాయెత్తు కట్టించారు. ఆవిడ తప్పేం లేదు. ప్రేమతోనే కట్టించారు. ఆవిడకి తెలిసిన మందు అదే. నా మటుకు నేను మాత్రం 'నేను చెడ్డ తల్లిని' అని తీర్మానించేసుకున్నాను.

అయిదు నెలలు అలా గడిచాక మావారు గుంటూరు తీసుకెళ్లారు. అక్కడి డాక్టరమ్మ నా మాటలన్నీ విని, "ఇది జబ్బమ్మా, తప్పు కాదు. తగ్గుతుంది" అన్నారు. మందులిచ్చారు, మళ్లీ మళ్లీ పిలిపించి మాట్లాడారు. ఏడాది తిరిగేసరికి మామూలు మనిషినయ్యాను. కథలు రాయడం మొదలుపెట్టింది ఆ తర్వాతే. అయినా ఈ సంగతి మాత్రం ఏ కథలోనూ రాయలేదు.

నూటికి ఇరవై రెండు

ఆ సాయంత్రం మా పిల్ల గట్టిగా అరిచింది, "దొరికింది అత్తయ్యా! డబ్బు కట్టక్కర్లేదు" అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 2017లో వచ్చిన వ్యాసమట. మన దేశంలో బాలింతల డిప్రెషన్ మీద అంతకుముందు జరిగిన 38 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి లెక్క కట్టారు. మొత్తం 20,043 మంది తల్లులు. వాళ్లలో నూటికి 22 మందికి ఈ బాధ ఉన్నట్టు తేలింది.

నేను బీఏ చదివినదాన్నే గానీ ఇంగ్లీషు పరిశోధన వ్యాసం ఎప్పుడూ చదవలేదు. ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో పెట్టుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. పట్టికలూ గణితమూ నాకర్థం కాలేదు. కానీ నూటికి ఇరవై రెండు అన్న మాట అర్థమయింది. అంటే అయిదుగురు బాలింతల్లో ఒకరు! మా వీధిలోనే నాలాంటి వాళ్లు ఎంతమంది ఉండి ఉంటారు? ఎంతమందికి తాయెత్తులు కట్టి ఉంటారు?

ఇంకో సంగతి కూడా మా పిల్ల చెప్పింది. బాలింతకు ఈ బాధ ఉందేమో పసిగట్టడానికి పది ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. గడిచిన ఏడు రోజుల్లో ఎలా ఉన్నారో అడుగుతుంది. ఒక్కో జవాబుకి సున్నా నుంచి మూడు దాకా మార్కులు, మొత్తం ముప్పై. జాన్ కాక్స్, జెనీ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ అనే ముగ్గురు 1987లో దాన్ని ప్రచురించారు. ఎడింబరో పట్టిక అంటారు. తమ పేర్లూ, వ్యాసం పేరూ, అది వచ్చిన పత్రిక పేరూ వేస్తే చాలు, విడిగా అనుమతి అడగకుండా ఎవరైనా అచ్చు వేసుకోవచ్చని వాళ్లే రాసిపెట్టారు. అందుకే అది దేశదేశాలకీ వెళ్లింది.

1987 అంటే నేను బాలింతనవడానికి ఇరవై ఆరేళ్ల ముందు. విషయం లోకంలో ఉంది. మా ఇంటి దాకా రాలేదు, అంతే. ఆ అయిదు నెలలూ నాకు ఎందుకు పోయాయా అని పన్నెండేళ్లుగా అనుకుంటున్నదానికి ఆ రాత్రి కొంత జవాబు దొరికింది.

వండినవాళ్లకి కూలి లేదు, తినేవాళ్లకి టిక్కెట్టు

పరిశోధన వ్యాసాలకు ఇంత ధర ఏమిటని మర్నాడు అడిగాను. అది చెప్పిన జవాబు విని నోరు తెరిచాను. నేను ఒక కథ రాస్తే పత్రికవాళ్లు ఎంతో కొంత పారితోషికం పంపుతారు. పరిశోధన వ్యాసం రాసిన ప్రొఫెసరుకి పత్రిక పైసా ఇవ్వదట. ఆ వ్యాసం సరిగ్గా ఉందో లేదో చూసి తప్పులు పట్టే తోటి పండితులకీ మామూలుగా ఏమీ ఇవ్వరట. పరిశోధనకు అయ్యే ఖర్చేమో చాలాసార్లు ప్రభుత్వానిది, అంటే మన పన్నులది. చివరికి చదవాలంటే మాత్రం మళ్లీ మనమే కొనుక్కోవాలి!

ఇది సబబు కాదని ప్రపంచంలో చాలామందికి అనిపించింది. 2002లో హంగేరీ రాజధాని బుడాపెస్ట్ పేరుతో ఒక ప్రకటన వెలువడింది. పండితులు రాసిన వ్యాసాలు ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా, ఏ అడ్డూ లేకుండా దొరకాలన్నది దాని సారం. దీన్నే ఓపెన్ యాక్సెస్ అంటున్నారు. తాళం లేని చదువు అనుకుందాం మనం.

అయితే అచ్చుకి, కంప్యూటర్లకి ఖర్చు ఎవరో ఒకరు పెట్టాలి కదా? మా పిల్ల చెప్పింది నాకు భోజనాల లెక్కలో అర్థమయింది. పాత పద్ధతి మెస్సులాంటిది. తినేవాళ్లు టిక్కెట్టు కొనాలి. రెండోది పెళ్లి భోజనం లాంటిది. వచ్చినవాళ్లంతా ఊరికే తింటారు, ఖర్చు పిలిచినవాళ్లది. అంటే వ్యాసం రాసినవాళ్లు గానీ, వాళ్ల యూనివర్సిటీ గానీ డబ్బు కడతారు. పేరున్న విదేశీ పత్రికల్లో ఇది రెండు వేల డాలర్లు దాటిపోతుంది. మూడోది కోటప్పకొండ తిరునాళ్లలో సత్రాల భోజనం లాంటిది. తినేవాళ్లూ ఇవ్వక్కర్లేదు, వండేవాళ్లూ ఇవ్వక్కర్లేదు. ఏదో సంఘమో, సంస్థో భరిస్తుంది.

మన దగ్గరా ఇలాంటివి లేకపోలేదు. భారతీయ మానసిక వైద్యుల సంఘం నడిపే ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీని ఇంట్లో కూచుని ఊరికే చదవొచ్చు. ఆ సంఘం దక్షిణాది శాఖ నడిపే ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకలాజికల్ మెడిసిన్ కూడా అంతే. మన ఆంధ్రప్రదేశ్ శాఖకే ఆర్కైవ్స్ ఆఫ్ మెంటల్ హెల్త్ అని సొంత పత్రిక ఉంది. పాత రోజుల్లో ఇలాంటి పత్రిక కంటితో చూడాలంటే ఏ విశాఖకో తిరుపతికో రైలెక్కాల్సిందే. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో కోనేరు రామకృష్ణారావు గారు 1967లో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రాల శాఖను స్థాపించిన నాటి నుంచీ మన రాష్ట్రంలో మనసు మీద పరిశోధన జరుగుతూనే ఉంది. జరిగింది ఎక్కడుందో మనకి తెలియకపోవడమే వచ్చిన చిక్కు.

పుస్తకం మనిషి దగ్గరికే వెళ్లాలనే ఆలోచన మనకి కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలవ మీద పుస్తకాల పడవ నడిపించారు. కాలవ గట్టునున్న ఊళ్లవాళ్లు పడవ దగ్గరికొచ్చి పుస్తకాలు తీసుకునేవాళ్లు. మా వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారు కులం పేరుతో మూసిన తలుపులు ఎన్ని చూశారో మా ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. ఇప్పటి తలుపుకి తాళం డబ్బుది.

ఈ తాళం తీయడానికి ప్రభుత్వమూ ఒక పని చేసింది. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'ఒకే దేశం – ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు. ముప్పై ప్రచురణ సంస్థలవి దాదాపు 13,000 పత్రికలు, ఆరువేల పైచిలుకు ప్రభుత్వ విద్యాసంస్థల్లో, పరిశోధన సంస్థల్లో చదువుకునే వీలు కలిగింది. సంతోషమే. కానీ మా పిల్లది ప్రైవేటు కాలేజీ. మా ఊళ్లో ప్రాక్టీసు చేసుకునే డాక్టరు గారికి గానీ, బళ్లో పిల్లలకు కౌన్సెలింగ్ చేసే టీచరమ్మకి గానీ ఆ తలుపు తెరుచుకోలేదు.

మేం మోసపోయిన వైనం

ఇక్కడ మా తెలివితక్కువతనం కూడా చెప్పాలి. పోయినేడు మా పిల్లకి ఒక ఈమెయిల్ వచ్చింది. "మహోదయా, మీ విశిష్ట పరిశోధన గురించి విన్నాం. మా అంతర్జాతీయ పత్రికలో మూడు రోజుల్లో ప్రచురిస్తాం" అని. అప్పటికి అది రాసింది ఒక క్లాసు సెమినారు వ్యాసం! రుసుము నాలుగు వేల అయిదొందలు. వాళ్లమ్మకి చెప్పడానికి భయపడి నాకు ఫోన్ చేసింది. "రేపు పీహెచ్‌డీకి పనికొస్తుంది అత్తయ్యా" అంది. చీటీ పాడిన డబ్బు ఉంది, పంపించాను.

రెండో రోజుకల్లా వ్యాసం ఇంటర్నెట్‌లో వచ్చేసింది. ఒక్క అక్షరం దిద్దలేదు. మా పిల్ల పొరపాటున రెండుసార్లు పెట్టిన పేరా రెండుసార్లూ అలాగే ఉంది! ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆ పత్రిక పేరు చూసి, "ఇది లెక్కలోకి రాదమ్మా. పేరు తీసేయించుకో" అన్నారట. ఉత్తరం రాస్తే, తీసేయడానికి ఇంకో మూడు వేలు అడిగారు. ఆ రోజు ఫోన్లో అది ఏడ్చిన ఏడుపు నాకు గుర్తుంది. చీటీ డబ్బు సంగతి మావారికి ఈ వ్యాసం చదివితేనే తెలుస్తుంది.

మాకు తగిలింది ఏదో చిన్న దుకాణం. ఈ వ్యాపారం మీద వేరే పెద్ద కేసే నడిచింది, అదీ మన హైదరాబాదు సంస్థ మీద. అక్కడ్నించి నడిచిన ఒమిక్స్ గ్రూపు అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కోర్టుకెళ్లింది. వ్యాసాల్ని పండితులు పరిశీలిస్తారని అబద్ధం చెప్పారనీ, రుసుము సంగతి ముందు దాచారనీ, ఒప్పుకోని వాళ్ల పేర్లు కూడా వాడుకున్నారనీ ఆరోపణ. 2019 మార్చిలో అక్కడి కోర్టు ఆ సంస్థా, దాని అధిపతి గేదెల శ్రీనుబాబూ అయిదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. మన యూజీసీ కూడా 2018లో తన జాబితాలోంచి ఒకేసారి 4,305 పత్రికల్ని తీసేసింది. తర్వాత కేర్ అని కొత్త జాబితా తెచ్చి, 2025లో దాన్నీ ఎత్తేసింది. ఇప్పుడు మంచీ చెడూ చూసుకోవాల్సింది కాలేజీలూ, మనమూనే.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఊరికే దొరికేదంతా నకిలీ కాదు. డబ్బు పెట్టి కొన్నదంతా అసలూ కాదు. కూరగాయల బజార్లో వంకాయ తిప్పి చూసుకున్నట్టే చూసుకోవాలి.

అమ్మాయిలకి కొన్ని చిట్కాలు

డబ్బు పోగొట్టుకున్న అనుభవంతోనూ, మా పిల్ల లెక్చరరు చెప్పినదాంతోనూ కలిపి రాస్తున్నాను. సైకాలజీ చదివే పిల్లలున్న ఇళ్లలో ఈ కాగితం కత్తిరించి దాచుకోండి.

1. వ్యాసానికి డబ్బు అడిగితే అక్కడే ఆగిపోవద్దు. దాని పేరు గూగుల్ స్కాలర్‌లో కొట్టి చూడండి. అదే వ్యాసం ఇంకోచోట ఉచితంగా ఉండొచ్చు. వైద్యానికి, మనసుకి సంబంధించినవి పబ్‌మెడ్ సెంట్రల్‌లో బోలెడు ఉంటాయి.

2. సైఆర్కైవ్ అని 2016లో మొదలైన చోటుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ వ్యాసాల్ని పత్రికలో రాకముందే అక్కడ పెడుతుంటారు. ఉచితమే. కానీ పండితుల పరిశీలన పూర్తి కానివీ ఉంటాయి, జాగ్రత్తగా చదవాలి.

3. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో దొరుకుతాయి. ఇగ్నో వాళ్ల ఎమ్మే సైకాలజీ పాఠాలు ఇ-జ్ఞాన్‌కోశ్‌లో ఉన్నాయి. ఇంగ్లీషు పాఠ్యపుస్తకం కావాలంటే ఓపెన్‌స్టాక్స్ వాళ్లది ఉచితం.

4. ఎక్కడా దొరక్కపోతే వ్యాసం రాసినవాళ్లకే మర్యాదగా నాలుగు ముక్కలు ఈమెయిల్ రాయండి. మా పిల్ల రాస్తే ఆ ముప్పై తొమ్మిది డాలర్ల వ్యాసాన్ని ఆ ప్రొఫెసరమ్మే రెండో రోజు పంపింది, "ఆల్ ది బెస్ట్" అని కూడా రాసి.

5. మీ వ్యాసం ప్రచురించాలనుకుంటే ఆ పత్రిక డీఓఏజే అనే జాబితాలో ఉందేమో చూడండి. అందులో రాసేవాళ్ల దగ్గర కూడా డబ్బు తీసుకోనివి చాలా ఉన్నాయి.

6. మూడు రోజుల్లో వేస్తామన్నా, తెగ పొగిడినా, రుసుము సంగతి చివర్లో చెప్పినా అనుమానించండి. పత్రిక సంపాదకుల్లో ఒకరిద్దరికి ఉత్తరం రాసి, నిజంగా అందులో ఉన్నారా అని అడగండి. అడగడానికి సిగ్గెందుకు?

ఇంకో మాట. వ్యాసాలు చదివి మనకి మనమే జబ్బు పేరు పెట్టుకోకూడదు. ఆ పది ప్రశ్నలైనా అనుమానం తెలుసుకోవడానికే, నిర్ణయం డాక్టరుదే. బతకాలని లేదనే మాట నోట వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు. 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ అది. డబ్బు అక్కర్లేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

మా అత్తగారు

మా పిల్ల ప్రాజెక్టు ఇప్పుడు సగంలో ఉంది. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పన్నెండు రాష్ట్రాలు తీసుకుంటే అందులో ఆంధ్రప్రదేశూ లేదు, తెలంగాణా లేదు. "మన పల్నాడు ఆడవాళ్ల సంగతి మనమే రాయాలి అత్తయ్యా. రాసింది తాళం వేసి పెట్టను. తెలుగులో రెండు పేజీలు రాసి ఏఎన్‌ఎమ్‌లకి కూడా ఇస్తాను" అంటోంది. ఆ రెండు పేజీలు దిద్దే పని నాకు అప్పజెప్పింది. ఈసారి చీటీ డబ్బుతో పని లేదు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా అత్తగారికి ఆ పది ప్రశ్నలూ తెలుగులో చదివి వినిపించాను. ఆవిడ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. చాలాసేపు ఏమీ అనలేదు.

"అప్పట్లో నీకివే కదూ?" అన్నారు చివరికి.

"అవునత్తయ్యా."

"నాకూ ఇవేనే అమ్మాయ్. మీ ఆడపడుచు పుట్టినప్పుడు. ఎవరికి చెప్పుకోను?"

అరవై ఎనిమిదేళ్ల మనిషి! ఆ మాట నలభై ఏళ్లకు పైగా ఆవిడ లోపలే ఉండిపోయింది. నేను తాయెత్తు గురించి ఆవిడ మీద మనసులో పెట్టుకున్న కాస్త కోపం కూడా ఆ పూటతో పోయింది.

కాసేపటికి ఆవిడే లేచి చెప్పులేసుకున్నారు. ఎదురింటి వాళ్ల కోడలు పురిటికి పుట్టింటికెళ్లి ఈమధ్యే వచ్చింది. రెండు రోజులుగా ఆ అమ్మాయి బయటికి రావడం లేదు.

"ఆ కాగితం పట్టుకుని నువ్వూ రా. నేనూరికే పిల్లాణ్ణి చూడ్డానికొచ్చినట్టు కూచుంటాను, నువ్వు మెల్లిగా అడుగు" అన్నారు.

వెళ్లాం. ఆ అమ్మాయి ఏం చెప్పిందో ఇక్కడ రాయను, అది తన సంగతి. మర్నాడు వాళ్ల అత్తగారితో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లిందని మాత్రం రాస్తాను. ఆటో మాట్లాడింది మా అత్తగారే.